పాత బడి, క్రొత్త భవనము

తెలుగునాట ఏ పెద్ద గ్రామమునకు పోయినను వేపచెట్ల నీడలో నొక యున్నత పాఠశాల కనబడును. గోడల సున్నము వెలిసి యుండును. ద్వారముపైన దాత పేరు చెక్కిన రాతిపలక యుండును. వానలు పట్టినంతనే ఏదో యొక గదికి తాళము పడును. అందలి పిల్లలు వసారాలోనికో చెట్టుక్రిందికో తరలుదురు. ఇట్టి పాఠశాలలలో పెక్కు 1959లో పంచాయతీరాజ్య వ్యవస్థ యేర్పడిన పిదప జిల్లాపరిషత్తుల పాలనకు వచ్చినవి. కొన్నింటి గోడలు అంతకంటెను పూర్వపువి. వానికి వయసు మీరినది. "పాతదానిని పడగొట్టి పెద్దది కట్టింపుడు" అను కోరిక ఊరూర వినబడుచున్నది.

ఈ కోరిక న్యాయమైనది. మేము దీనిని మనసార బలపరచుచున్నాము. అయినను ఒక యున్నత పాఠశాలకు మారుగా మరియొక దానిని నిర్మించుట సామాన్యమైన పని కాదు. నేడు గీసెడి ప్లాను రాబోవు అరువది యేండ్లు మన పిల్లల వెలుతురును, గాలిని, ప్రాణములను శాసించును. అట్టి ప్లాను గీయుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను అడుగువారు అరుదు. శంకుస్థాపన ముహూర్తము మాత్రము అన్నిటికంటె ముందు కుదురుచున్నది. ఆ ప్రశ్నలను నేడు మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

జాగు కూడదనుటకు మేము వాదింప నక్కరలేదు. 2025 జూలై 25వ తేదీన రాజస్థానమునందలి ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామమున ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించిరి. 2004 జూలై 16వ తేదీన తమిళనాట కుంభకోణమున నొక పాఠశాల వంటయింటి ఆకుకప్పునకు నిప్పంటుకొని, ఆ మంటలకు 94 మంది పసివాండ్రు బలియైరి. ఆ ఘోరము కారణముగ సుప్రీంకోర్టునకు చేరిన వ్యాజ్యమున 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చెను. పిల్లలకు విద్యాహక్కు కలదనిన, ఆ విద్యను నిరపాయమైన బడిలో పొందు హక్కును అందు చేరియున్నదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఒకచోట కప్పు కూలెను. ఒకచోట కప్పు కాలెను. రెండింటను తప్పు పిల్లలది కాదు. బిడ్డను బడికి పంపిన తల్లి సాయంకాలము ఆ బిడ్డ మరలివచ్చునని నమ్మియే పంపినది. ఆ నమ్మకమును నిలుపుట బడికి మొదటి ధర్మము. చదువు చెప్పుట దాని తరువాతి మాట.

ఇక మొదటి ప్రశ్న: పాత భవనమును పడగొట్టవలెనా? వయసొక్కటియే దోషము కాజాలదు. గానుగసున్నముతో ఇటుకను గాని రాతిని గాని పేర్చి కట్టిన గోడ, కప్పు చక్కగా నున్నంతకాలము, నూరేండ్లు నిలువగలదు. హైదరాబాదున మూసీ యొడ్డున విన్సెంటు ఎష్ రూపకల్పనతో సిటీ హైస్కూలునకై లేచిన భవనము 1921 నాటిది. అది పిమ్మట సిటీ కళాశాలయై నేటికిని విద్యార్థులతో కళకళలాడుచున్నది. దానికి భిన్నముగా, తరువాతి కాలమున పలుచోట్ల తొందరగా పోసిన కాంక్రీటు స్లాబులు నలువదియేండ్లకే పెచ్చులూడుచున్నవి. కారణము తేటయైనది. లోపలి ఇనుపకడ్డీకి పైన చాలినంత కాంక్రీటు లేనిచో గాలియు తేమయు చొరబడును, కడ్డీ తుప్పుపట్టును, తుప్పు ఇనుముకంటె పలురెట్లు చోటాక్రమించును, అది లోపలినుండి కాంక్రీటును చీల్చును. పైన వేసిన రంగు ఆ చీలికను దాచునే గాని ఆపదు. పిల్లల తలలపై పడు చిన్న పెచ్చు, లోపల నెంతకాలముగనో సాగుచున్న చెరుపునకు చివరి గురుతు.

కావున కంటిచూపుతో తీర్పు చెప్పరాదు. కాంక్రీటు గట్టితనమును తట్టి తెలిసికొను పరికరములును, శబ్దతరంగములను పంపి లోపలి లోపములను కనుగొను పరికరములును మన ఇంజనీరింగు కళాశాలలలో కలవు. ప్రతి పాత గదికి ఆ పరీక్ష జరిగి, ఫలితము బడి గోడపై తెలుగున వ్రాసి యుంచవలెను. నిలువదగినదానిని బాగుచేసి గ్రంథాలయముగనో కార్యాలయముగనో వాడుకొనవచ్చును. నిలువరానిదానిని ఆ దినమే మూసివేయవలెను.

పాత భవనముపై నొక అంతస్తు వేసిన చౌకగా తీరునని చెప్పువారు పలువురు కలరు. ఆ చౌకబేరము ఖరీదెంతయో ఇటలీదేశస్థులు నేర్చుకొనిరి. 2002 అక్టోబరు 31న శాన్ జూలియానో ది పూల్యా అను చిన్నయూర భూకంపమునకు బడి కూలి 27 మంది పిల్లలును ఒక ఉపాధ్యాయినియు మరణించిరి. ఆ పాత భవనముపై అంతకుముందు అదనపు అంతస్తు వేసి యుండిరి. మన నేలయు కదలని నేల కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలము కంపించినవి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున వచ్చిన 5.3 తీవ్రతగల ప్రకంపనము రెండు రాష్ట్రములలోను జనులను వీధులలోనికి తెచ్చెను. ఒక అంతస్తు మోయుటకై తీసిన పునాదిపై రెండవ అంతస్తును మోపుటకు ముందు, ఆ పునాది లెక్కలు చూపుడని గ్రామస్థులు గట్టిగా అడుగవలెను. లెక్కలు లేవనిన అంతస్తును లేదు.

క్రొత్త భవనమే తగునని తేలినచోట, దాని గట్టితనమునకు పూచీ ఎవరు? ఈ ప్రశ్నకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము తొంబదియేండ్లకు పూర్వమే మంచి సమాధానము చెప్పినది. 1933 మార్చి 10న లాంగ్‌బీచ్ నగరమున భూకంపము వచ్చి అనేక పాఠశాలలు నేలకూలెను. అది సాయంకాలమగుటచే బడులలో పిల్లలు లేకుండిరి. ఆ అదృష్టమును నమ్ముకొని వారు ఊరకుండలేదు. నెల తిరిగినంతనే, ఏప్రిల్ 10న, ఫీల్డు చట్టమను శాసనము వచ్చెను. దాని సారము రెండు మాటలు: బడి ప్లానును రాష్ట్రపు నిపుణులు ముందుగా పరీక్షింపవలెను, పని జరుగుచున్నంతకాలము గుత్తేదారునకు లోబడని పరీక్షకుడొకడు దగ్గరనుండి చూడవలెను. మనకును నిర్మాణ నియమావళి కలదు, ఇంజనీర్లు కలరు, కొలతల పుస్తకములు కలవు. లేనిది ఆ రెండవ మాట. సిమెంటు పాలు ఎంత పడినదో, కడ్డీ ఎన్ని అంగుళముల ఎడమున కట్టిరో స్లాబు పోసిన మరునాడు ఎవరికిని కనబడదు. పోయుచున్న దినమున చూచువాడే చూచినవాడు.

పిదప నేల సంగతి. మన జిల్లాలలో కొంతభాగము నల్లరేగడి. వానకాలమున ఉబ్బుట, వేసవిని బీటలువారుట దాని స్వభావము. అట్టి నేలపై సామాన్యపు పునాది వేసిన భవనము, మొదటి మూడు నాలుగేండ్లలోనే తలుపుల మూలలయందు ఏటవాలుగా చీలును. అడుగున గొడుగువలె వెడల్పైన స్తంభములను లోతునకు దింపి కట్టు విధానమును రూర్కీ నగరమునందలి కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశపు రేగడినేలలకు తగినట్లు అభివృద్ధి చేసినది. ఎర్రనేలకు గీసిన ప్లానును రేగడినేలకు, కొండవాలునకు గీసినదానిని కాలువగట్టునకు అంటగట్టుట ధనమును మట్టిపాలుచేయుటయే. రాజధానిలో నొక్కచో గీసిన నమూనాను అన్ని మండలములకును పంపు నలవాటు మానవలెను. నమూనా ప్రారంభమునకు పనికివచ్చును. నేలను చూడకుండ అదియే ముగింపు కారాదు.

మన దేశమున బడికి నేలకంటె పెద్ద పరీక్ష ఎండ. మార్చి నెల నడుమనుండి ఒంటిపూట బడులు మనకు వాడుక. పగలు రెండవజాము దాటినపిదప చదువు సాగని భవనమును కట్టుకొని, ఎండను నిందించుట మనకు అలవాటైనది. భవనపు పొడవైన ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పినచో కిటికీలపై చిన్న సజ్జయే ఎండనాపును. తూర్పు పడమరలకు త్రిప్పినచో వాలుటెండ ఏ సజ్జకును లొంగక గదిలోపలికి వచ్చును. కిటికీ పైఅంచు ఎంత ఎత్తున నుండునో దానికి సుమారు రెండింతల దూరమువరకే చాలినంత వెలుతురు లోపలికి పోవును. ఏడడుగుల ఎత్తున నున్న కిటికీ పదునాలుగడుగులకు వెలుగునిచ్చును. గది ఇరువదినాలుగడుగుల వెడల్పున్నచో ఒక ప్రక్క కిటికీలు చాలవు. రెండు ప్రక్కల నుండవలెను. అనగా నడుమ నడవ, ఇరుప్రక్కల గదులు అను పద్ధతి బడికి తగదు. ఒకే వరుస గదులు, ముందు వెడల్పైన వసారా, వెనుక బయలు. మన పెద్దలు మండువా యిండ్లలో గాలికి త్రోవ చూపిన విధమిదియే. చదువుకొను పిల్లవానికి పట్టపగలు దీపము వెలిగింపవలసివచ్చెనేని ఆ ప్లానులో లోపమున్నదనియే చెప్పవలెను.

ఎండదేశమున తక్కువ ఖర్చుతో చల్లని బడి కట్టవచ్చుననుటకు నిదర్శనము కలదు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశస్థుడు ఫ్రాన్సిస్ కేరే తన స్వగ్రామమగు గాండోలో 2001లో నొక పాఠశాలను గ్రామస్థుల చేతులతోనే కట్టించెను. గోడలు అచటి మట్టియిటుకలవి. గదులపై ఇటుకల కప్పు. దానిపైన ఎడమిచ్చి లేపిన రేకుకప్పు. రెండింటి నడుమ గాలి పారుచుండుటచే రేకు వేడి గదిలోనికి దిగదు. ఆ బడికి 2004లో ఆగాఖాన్ బహుమానము లభించెను. ఆ శిల్పికి 2022లో ప్రిట్జ్‌కర్ పురస్కారము వచ్చెను. మన ఎండ వారి యెండకు చుట్టమే. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించి ప్రభుత్వ భవనములకు దానిని విధిగా నిర్ణయించెను. వేడిని వెనుకకు త్రిప్పు తెల్లని పూత ఖర్చు స్వల్పము. ఆ నిర్ణయము మొట్టమొదట అమలు కావలసినచోటు బడికప్పే యని మా యభిప్రాయము.

నీటి మాటయు ఆలోచింపవలెను. వేయి చదరపు మీటర్ల కప్పుపై ఏటికి 800 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎనిమిది లక్షల లీటర్ల నీరు పడును. నేడది గోడల మొదళ్ళను తడిపి పునాదిని చెరచుచున్నది. తొట్టిలోనికి గాని నేలలోనికి గాని పంపినచో వేసవిలో అక్కరకు వచ్చును. తీరపు జిల్లాలలో బడికి మరియొక ధర్మము కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరులో విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుపానును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ పేటలను ముంచుటను మరువరాదు. అట్టి రాత్రులందు పేదవాడు తలదాచుకొనుటకు వెదకునది గట్టి కప్పుగల బడియే. ఎత్తైన అరుగు, గాలి ఒత్తిడికి నిలుచు కిటికీలు, మెట్లెక్కలేని ముసలివారికి వాలుదారి, పై అంతస్తున నీరును మరుగుదొడ్లును ప్లానులోనే యుండవలెను.

ఇక పరిమాణము. పెద్ద బడియనిన మనకు మోజు. వేయిమందికి నాలుగంతస్తుల భవనమొక్కటి కట్టిన ఫోటోకు గంభీరముగ నుండును. గంట కొట్టినంతనే వేయిమంది ఒక్క మెట్లదారిన దిగవలసివచ్చినపుడు ఆ గాంభీర్యము అపాయమగును. ఏ అంతస్తునుండి యైనను రెండు వేర్వేరు దిక్కులకు దిగు మెట్లుండవలెను. జనము పోవు దిక్కునకు తలుపులు తెరచుకొనవలెను. వంటయిల్లు తరగతులకు దూరముగ, మండని కప్పుతో నుండవలెను. స్థలమున్నచోట రెండంతస్తులకు మించని మూడు నాలుగు ఇండ్లుగ విభజించి, నడుమ ముంగిలి విడిచి కట్టుట మేలు. చిన్నపిల్లలు తమ ముంగిటను, పెద్దవారు తమ ముంగిటను మెలగుదురు. ఉపాధ్యాయుడు పిల్లలను ముఖము చూచి పేరుతో పిలువగలుగును.

మరియొక కారణమును కలదు. భవనము అరువదియేండ్లుండును, విద్యావిధానము ఆరేండ్లుండదు. ఆంధ్రప్రదేశమున 2022లో 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలతో చేర్చు ఉత్తర్వు వచ్చెను. 2025లో అది రద్దయ్యెను. మూడేండ్లలో పాఠశాలల పరిమాణమే రెండుమారులు మారెను. ఏ విధానము మంచిదన్న చర్చ వేరు. ఈ మార్పులకు తట్టుకొను భవనము కావలెను. బరువును స్తంభములపై నిలిపి, గదుల నడుమ గోడలను అవసరమునుబట్టి తీయుటకును పెట్టుటకును వీలగునట్లు కట్టినచో నేటి రెండు తరగతులు రేపు ప్రయోగశాల కాగలవు.

ఆడుపిల్లల సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. నీరు, తలుపుగడియ, వెలుతురు గల మరుగుదొడ్డి లేనిచోట తొమ్మిదవ తరగతి బాలిక నెలకు కొన్నిదినములు బడి మానును. క్రమముగ చదువే మానును. వికలాంగులైన పిల్లలకు వాలుదారిని తుదిలో అతికించుట యలవాటు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, త్రాగునీరు, ఆటస్థలము, ఆటంకములేని ప్రవేశము ఉండవలెనని తన అనుబంధముననే వ్రాసినది. అయితే ఆ చట్టము ఎనిమిదవ తరగతితో ఆగును. తొమ్మిది, పది తరగతుల పిల్లలు అదే ప్రాంగణమున నున్నను ఆ హామీకి వెలుపల నుండుట మనకు తగదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. 2019 నవంబరున ఆంధ్రప్రదేశమున "నాడు-నేడు", 2022 మార్చిన తెలంగాణమున "మన ఊరు-మన బడి" ప్రారంభమయ్యెను. నీటి వసతులు, మరుగుదొడ్లు, బల్లలు, ప్రహరీలు ఎన్నో బడులకు వచ్చినవి. ప్రభుత్వములు మారినపుడు పథకముల పేర్లు మారుట సహజము. సగము లేచిన గోడ మాత్రము పేరు మారువరకు ఆగరాదు. పని మొదలైన బడి పూర్తియగువరకు దాని నిధి ఆ బడిదే యని చట్టమున నిర్ణయింపవలెనని కోరుచున్నాము.

పని జరుగునంతకాలము పిల్లలెక్కడ నుందురు? ఈ ప్రశ్నకు జవాబు లేని ప్లాను సగము ప్లానే. మూడు మైళ్ళ దూరమున నున్న వేరొక బడికి పంపినచో చేరువారెందరు, ఆగిపోవువారెందరు? ఆగిపోవువారిలో ముందుండువారు ఆడుపిల్లలును కూలివారి పిల్లలును. అందుచే మొదట ఆవరణలో నొక భాగము కట్టి, పిల్లలను అందులోనికి మార్చి, పిదప పాత భాగమును తీయవలెను. ఇట్లు చేసిన పని నిదానమగును, ఖర్చు కొంత హెచ్చునని గుత్తేదారులు చెప్పుదురు. అది నిజమే. ఆ హెచ్చు ఖర్చును బడి మానిన పిల్లల భవిష్యత్తుతో సరిచూచినపుడు ఏది చౌకయో తేలును. ఆ తొందరలో ఆటస్థలమును మాత్రము మ్రింగరాదు. పోయిన మైదానము తిరిగి రాదు.

ఇన్ని నియమములు పెట్టిన ఏ బడియు లేవదని కొందరనవచ్చును. మేము చెప్పినవానిలో ఎక్కువభాగము ధనముతో కూడినవి కావు. కిటికీని ఏ దిక్కున పెట్టినను ఖర్చొక్కటే. తలుపు ఎటు తెరచుకొన్నను కీళ్ళు అవియే. కావలసినది ప్లాను గీయుటకు ముందు కొన్ని వారముల యోచన. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున మూడువంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు నుండవలెను. బడి అభివృద్ధి ప్రణాళికను వ్రాయు బాధ్యత ఆ సంఘమునదే. ఆ సంఘము ముందు ప్లానును పరచి, ప్రతి గది దేనికో తెలుగున చెప్పవలెను. ప్రధానోపాధ్యాయుని, విజ్ఞానశాస్త్రపు మాస్టారిని, వంటచేయు తల్లిని, ఊడ్చు ఆయాను, పదవతరగతి పిల్లలను అడుగవలెను. నీరు ఎక్కడ నిలుచునో ఆయాకు తెలియును. ఏ గదిలో పాఠము వినబడదో పిల్లలకు తెలియును. అంచనాల కాగితము, గుత్తేదారు పేరు, పూర్తిచేయవలసిన తేదీ బడి ద్వారముకడ వ్రాసి యుండవలెను.

కట్టినపిదప కాపాడుటకు నిధి కేటాయింపనిచో, నేటి క్రొత్త భవనము మరల మన మనుమలకు పాత భవనమగును. ఏటేట వానలకు ముందు కప్పునీటి గొట్టములను శుభ్రపరచుట, పగుళ్ళను మూయుట స్వల్పపు పనులు. ఆ స్వల్పము చేయకనే పెక్కు బడులు అకాలమున ముసలివైనవి. ప్రారంభోత్సవమునకు వ్యయమగు పూలదండల ధనముతోనే ఒక యేటి మరమ్మతు సాగును.

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినపుడు, విద్యాలయము ప్రజల సొత్తు, ప్రజల బాధ్యత అని ఆనాటి పెద్దలు నమ్మిరి. నేడు ధనము ప్రభుత్వమునదే కావచ్చును. ఆ ధనము మన పన్నులే. బడి పరుల ధర్మమువలె చేతులు కట్టుకొని అందుకొనవలసినది కాదు. ఈ వేసవిలో మీ ఊరి యున్నత పాఠశాల గదులను ఒక్కసారి చూచి రండు. ఎన్ని గదులకు తాళములున్నవో లెక్కింపుడు. కప్పుల పరీక్ష జరిగెనా యని అడుగుడు. క్రొత్త ప్లాను సిద్ధమై యున్నచో చూపుమని కోరుడు. చూపనిచో సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతమూలముగ అడుగుడు. వానలు వచ్చుటకు ముందే ఈ పని జరుగవలెను.